కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాక నాన్నగారికి మతిమరుపు వచ్చింది, మాత్ర ఆపవచ్చా?

తెనాలి_అమ్మాయి
మా నాన్నగారికి 68 ఏళ్ళు. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఏడు నెలల క్రితం గుండెపోటు వస్తే గుంటూరులో ఒక స్టెంట్ వేశారు, అప్పటి నుంచి కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ తొమ్మిదేళ్ళుగా ఉంది, బీపీ మాత్ర కూడా ఉంది. మా వీధి రామాలయం జమాఖర్చులు ఆయనే రాస్తారు. ఈ కార్తీక మాసంలో ఒకే దాత ఇచ్చిన 1,116 రూపాయలను రెండు చోట్ల జమ రాశారు. జీవితమంతా లెడ్జర్లు రాసిన మనిషి చేతి నుంచి అలాంటి పొరపాటు నేను ఎన్నడూ చూడలేదు. మొన్న వంటింట్లో జల్లెడ చేతిలో పట్టుకుని, దాని పేరు తట్టక, "అదే, ఆ చిల్లులది" అంటూ నిలబడిపోయారు. 1983లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ కొట్టిన 175 పరుగుల సంగతి మాత్రం నిన్న జరిగినట్టు చెబుతారు.

ఎదురింటి పెదనాన్నగారు వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూపించి, ఈ మాత్రలు మెదడును ఎండగడతాయని చెప్పారట. నాన్నగారు ఐదు రోజులుగా మాత్ర మానేశారు, నాకు నిన్ననే తెలిసింది. ఆ మాటలో నిజం ఎంత? ఆపితే మతిమరుపు తగ్గుతుందా? ఇలాంటి అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

గోదారిగట్టు
నిజం ఉంది, నేను అనుభవించాను. నాకు 61 ఏళ్ళు. అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర 40 మిల్లీగ్రాములు మొదలుపెట్టిన రెండో నెలలో, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఏం చెప్పబోయానో పోయేది. రోజూ కలిసే మనిషి పేరు నోటికి వచ్చేది కాదు. మా డాక్టరుగారికి చెబితే నాలుగు వారాలు ఆపి చూద్దామన్నారు. మూడో వారానికల్లా తల తేటపడింది. తర్వాత రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములతో మళ్ళీ మొదలుపెట్టారు, రెండేళ్ళయింది, ఇబ్బంది లేదు. మీ నాన్నగారి మాటను తేలిగ్గా తీసుకోకండి.

పాలమూరు_పిల్ల
మా అమ్మమ్మ పన్నెండేళ్ళుగా ఇదే మాత్ర వేసుకుంటోంది. ఊళ్ళో ఎవరికి ఏ నక్షత్రంలో బిడ్డ పుట్టిందో ఇప్పటికీ ఆమెనే అడుగుతారు. కపిల్ 175 గుర్తున్నంత కాలం మీ నాన్నగారి గురించి బెంగ పెట్టుకోకండి.

మందులకొట్టు_మూర్తి
మతిమరుపు చర్చ తర్వాత చేసుకుందాం. అమ్మా, ముందు ఆ మాత్రల అట్ట తెప్పించి, వెనక సన్న అక్షరాల్లో ఏయే మందులు రాసి ఉన్నాయో ఇక్కడ పెట్టండి. స్టెంట్ వేసినవాళ్ళకు మన దగ్గర ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రోసువాస్టాటిన్ మూడూ ఒకే క్యాప్సూల్‌లో ఉన్న మందును చాలామంది డాక్టర్లు రాస్తారు. ఒక్కటి మింగితే సరిపోతుంది కనుక రోగికీ సుఖమే. కానీ మా కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది దాన్ని "కొలెస్ట్రాల్ బిళ్ళ" అనే అడుగుతారు. మీ నాన్నగారు మానేసింది అదే అయితే, కొలెస్ట్రాల్ మందుతో పాటు స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు మందులూ మానేసినట్టే.

తెనాలి_అమ్మాయి
అమ్మ అట్టను ఫోటో తీసి పంపింది. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, రోసువాస్టాటిన్ 20 అని ఉంది. నాకు చేతులు వణుకుతున్నాయి. విడిగా రక్తం పలచబడే మాత్ర ఏదైనా ఉందా అని అడిగాను, ఇంకేమీ లేదంది.

వరంగల్_వైద్యుడు
ఈ చర్చ చదవడం ఆపి, ఇప్పుడే మీ కార్డియాలజిస్టుకు గానీ, స్టెంట్ వేసిన ఆసుపత్రి అత్యవసర విభాగానికి గానీ ఫోన్ చేయండి. మందు ఎంత మోతాదులో తిరిగి మొదలుపెట్టాలో వాళ్ళే చెప్పాలి. ఐదు రోజులవి కలిపి ఒకేసారి వేసుకోవద్దని మీ నాన్నగారికి స్పష్టంగా చెప్పండి. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికీ దవడకూ పాకే నొప్పి వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. గుండెపోటు తర్వాత వేసిన స్టెంట్‌కు సాధారణంగా ఏడాది పాటు ఈ రెండు మందులూ కలిపి ఇస్తాం. మధ్యలో ఆపితే స్టెంట్ లోపల గడ్డ కట్టి మరో గుండెపోటు రావచ్చు, ప్రాణానికే ముప్పు కావచ్చు.

తెనాలి_అమ్మాయి
రాత్రి తొమ్మిదిన్నరకు డాక్టరుగారు ఫోన్ ఎత్తారు. ఆయన చెప్పినట్టే మందు మొదలుపెట్టి, పొద్దున్నే తమ్ముడు నాన్నగారిని గుంటూరు తీసుకెళ్ళాడు. ఈసీజీ, రక్తపరీక్ష బాగానే ఉన్నాయి. మూర్తిగారూ, మీరు ఆ అట్ట సంగతి అడగకపోయి ఉంటే ఇంకెన్ని రోజులు గడిచేవో. మీ మేలు మరవలేను. అయితే మతిమరుపు మాత్రం అలాగే ఉంది. గుండె డాక్టరుగారు దానికి వేరే పరీక్షలు చేయిద్దామన్నారు.

లెక్కల_మాస్టారు
అమ్మాయి నాన్నగారికి ప్రమాదం తప్పినందుకు చాలా సంతోషం. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గోదారిగట్టు గారి అనుభవం ఒకవైపు, పాలమూరు అమ్మాయి అమ్మమ్మగారి అనుభవం మరోవైపు ఉన్నాయి. ఇద్దరి అనుభవాలతో లెక్క తేలదు. వేలమందిని పరిశీలించి ఎవరైనా తేల్చారా? నేనూ నాలుగేళ్ళుగా ఇదే మందు వాడుతున్నాను కాబట్టి అడుగుతున్నాను.

వరంగల్_వైద్యుడు
తేల్చారు మాస్టారూ. ముందుగా పాలమూరు అమ్మాయి మాటను ఒకటి సవరించాలి. నలభై ఏళ్ళ నాటి క్రికెట్ మ్యాచ్ గుర్తుండటం ఊరట కాదు. డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, మొదలైనవాళ్ళకు కూడా పాత జ్ఞాపకాలు చాలాకాలం నిలుస్తాయి, ముందుగా జారిపోయేవి నిన్నటివీ ఈ పొద్దుటివీ. అందుకే రెండుసార్లు రాసిన 1,116 నాకు కపిల్ 175 కంటే ముఖ్యంగా కనిపిస్తోంది.

ఇక స్టాటిన్లు, అంటే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి ఈ కొలెస్ట్రాల్ మందుల విషయం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 ఫిబ్రవరిలో ఈ మందులన్నిటి లేబుళ్ళ మీద జ్ఞాపకశక్తి తగ్గడం, అయోమయం గురించి హెచ్చరిక చేర్చింది. వీడియోల్లో తిరిగే మాటకు మూలం అదే. కానీ ఆ ప్రకటనలో మిగతా భాగాన్ని ఎవరూ చెప్పరు. ఆ ఫిర్యాదులు సాధారణంగా తీవ్రమైనవి కావని, మందు ఆపితే తగ్గిపోయాయని, అల్జీమర్స్ లాగా పెరుగుతూ పోయే జబ్బుతో సంబంధం కనబడలేదని అదే ప్రకటనలో ఉంది. మందు మొదలుపెట్టిన మర్నాడే లక్షణాలు వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఏళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆపాక తగ్గడానికి పట్టిన కాలం మధ్యస్థంగా మూడు వారాలు. గోదారిగట్టు గారి అనుభవం దీనికి చక్కగా సరిపోతుంది, కాబట్టి దాన్ని నేను కొట్టిపారేయను.

అయితే అవి రోగులూ డాక్టర్లూ పంపిన ఫిర్యాదులు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన పరీక్షలు వేరే చెబుతున్నాయి. ప్రావాస్టాటిన్ మీద స్కాట్లండ్, ఐర్లండ్, నెదర్లాండ్స్‌లలో 70 నుంచి 82 ఏళ్ళ వయసున్న 5,804 మందిని మూడేళ్ళకు పైగా పరిశీలించారు. బ్రిటన్‌లో సిమ్వాస్టాటిన్ మీద 20,536 మందిని ఐదేళ్ళు పరిశీలించారు. రెండింటి ఫలితాలూ 2002లో వచ్చాయి. జ్ఞాపకశక్తి విషయంలో రెండు వర్గాల మధ్య తేడా కనబడలేదు.

మెదడును ఎండగడుతుందన్న మాటకు కూడా జవాబు చెబుతాను. మెదడు శరీర బరువులో నూటికి రెండు వంతులే అయినా, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో సుమారు ఐదో వంతు అక్కడే ఉంటుంది. కానీ దాన్ని మెదడు తన అవసరానికి తానే తయారు చేసుకుంటుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ మెదడుకున్న అడ్డుగోడ దాటి లోపలికి పోదు. మనం రక్తపరీక్షలో చూసి తగ్గించేది ఈ బయటి ఎల్‌డీఎల్‌నే.

డాలస్_సుబ్బారావు
డాక్టరుగారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. మాది వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్న కుటుంబం. నాన్నగారు 47 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. నాకు స్టాటిన్‌తో పాటు రెండు వారాలకొకసారి ఎవోలోక్యుమాబ్ ఇంజెక్షన్ ఇస్తున్నారు, ఎల్‌డీఎల్ ఇప్పుడు 24. అంత తక్కువైతే బుర్ర పనిచేస్తుందా అని నేనూ భయపడ్డాను. సరిగ్గా ఇదే అనుమానం మీద 1,204 మందికి కంప్యూటర్‌తో జ్ఞాపక పరీక్షలు పెట్టి, 2017లో ఫలితాలు ప్రచురించారు. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకూ ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకూ తేడా లేదు, ఎల్‌డీఎల్ 25 కంటే కిందికి పడిపోయినవాళ్ళతో సహా. నేను రోజంతా కోడ్ రాసే మనిషిని, పనిలో నాకు ఏ మార్పూ తెలియలేదు.

అమెరికాలో ఈ భయం పాకడానికి ఒక పెద్ద కారణం డ్యూయేన్ గ్రేవ్‌లైన్. ఆయన డాక్టరు, ఒకప్పుడు నాసా వ్యోమగామిగా ఎంపికైన మనిషి. 1999లో అటోర్వాస్టాటిన్ మొదలుపెట్టిన కొద్ది వారాలకు కొన్ని గంటల పాటు ఇంట్లోవాళ్ళను కూడా గుర్తుపట్టలేకపోయారు. ఆ తర్వాత జీవితమంతా దాని గురించే రాశారు, మాట్లాడారు. అంత చదువుకున్నాయన చెబితే ఎవరైనా వింటారు.

గోదారిగట్టు
డాక్టరుగారి మాట మీద గౌరవం ఉంది, కానీ ఒప్పుకోలేని చోటు ఒకటి ఉంది. ఇరవై వేలమంది సగటు తీస్తే, అందులో వందమందికి తల మసకబారినా ఆ సంగతి సగటులో మునిగిపోతుంది. పైగా ఆ బ్రిటన్ పరీక్షలో జ్ఞాపకశక్తిని చివర్లో ఫోన్లో ప్రశ్నలు అడిగి చూశారని చదివాను. నాకు ఫోన్ చేసి ఇవాళ ఏ వారమని అడిగితే నేను అప్పుడు కూడా సరిగ్గానే చెప్పేవాణ్ణి. నాకు పోయింది వారం పేరు కాదు, మాట మధ్యలో దారం తెగిపోయేది. అది ఏ ప్రశ్నాపత్రానికి అందుతుంది?

వరంగల్_వైద్యుడు
మీ అభ్యంతరం న్యాయమైనదే. సగటు ఒక వ్యక్తి గురించి ఏమీ చెప్పదు. అందుకే లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు వ్యక్తి మీదే పరీక్ష పెట్టారు. స్టాటిన్ పడక మానేసిన 60 మందికి పన్నెండు సీసాలు ఇచ్చారు. నాలుగింటిలో అటోర్వాస్టాటిన్ 20, నాలుగింటిలో ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీవి, నెలకొకటి చొప్పున. ఎంత ఇబ్బందిగా ఉందో రోజూ ఫోన్లో వందకు మార్కులు వేయమన్నారు. ఖాళీ సీసా నెలల్లో సగటు 8.0, ఉత్తుత్తి మాత్రల నెలల్లో 15.4, అసలు మందు నెలల్లో 16.3. అంటే వాళ్ళు పడిన బాధ నిజం, కానీ అందులో సుమారు 90 శాతం మాత్ర మింగుతున్నామన్న ఎరుక వల్లే వచ్చింది. ఫలితం చూపించాక సగం మంది మందు మళ్ళీ మొదలుపెట్టారు. ఇది 2020లో ప్రచురితమైంది.

గోదారిగట్టు
అది అన్ని రకాల ఇబ్బందులనూ కలిపి వేసిన లెక్క. కండరాల నొప్పులవాళ్ళే అందులో ఎక్కువ. మతిమరుపు మీద ఆ పరీక్ష విడిగా తీర్పు చెప్పలేదు. నాకు మందు మార్చాక నయమైంది, నాకు అది చాలు.

వరంగల్_వైద్యుడు
అది కూడా నిజమే. మీ డాక్టరుగారు చేసిన పద్ధతినే నేనూ పాటిస్తాను. గుండెకు స్థిరంగా ఉన్న రోగి అయితే కొన్ని వారాలు ఆపి, లక్షణాలు రాసుకోమని, తర్వాత మోతాదు తగ్గించి గానీ వేరే స్టాటిన్ ఇచ్చి గానీ చూస్తాను. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ కొవ్వులో కరిగే రకాలు. రోసువాస్టాటిన్, ప్రావాస్టాటిన్ నీటిలో కరిగే రకాలు కనుక మెదడులోకి తక్కువగా వెళ్తాయని భావిస్తారు. ఆ తేడా వల్ల మతిమరుపు తగ్గుతుందని గట్టి రుజువు లేదు గానీ, రోగి మాట విని మార్చి చూడటంలో తప్పు లేదు. తెనాలి అమ్మాయి నాన్నగారు వాడుతున్నది ఎలాగూ రోసువాస్టాటినే.

పాలమూరు_పిల్ల
కపిల్ మాట తేలిగ్గా అనేశాను, క్షమించండి. ఒక సందేహం అడగనా? మా పిన్ని స్టాటిన్ వద్దని ఎర్ర ఈస్టు బియ్యం క్యాప్సూళ్ళు ఆన్‌లైన్లో తెప్పించుకుంటోంది. సహజమైనది కాబట్టి మతిమరుపు రాదంటోంది.

మందులకొట్టు_మూర్తి
అందులో కొలెస్ట్రాల్ తగ్గించేది మొనాకోలిన్-కె అనే పదార్థం. అది లోవాస్టాటినే, 1987లో అమెరికాలో మొదట అనుమతి పొందిన స్టాటిన్ అదే. అసలు స్టాటిన్లు పుట్టిందే బూజు నుంచి, జపాన్‌లో అకిరా ఎండో వేల రకాల శిలీంధ్రాలను వెతికి పట్టుకున్నారు. మీ పిన్నిగారు వేసుకునేది స్టాటినే, కాకపోతే ఒక్కో సీసాలో ఎంత మోతాదు ఉందో తెలియనిది. ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా దాంతో పాటు మరో స్టాటిన్ వేసుకుంటే కండరాలకు ప్రమాదం.

సందేహాల_సుజాత
మా అమ్మ సంగతి చెబుతాను, ఎవరికైనా పనికివస్తుంది. ఆమెకు కొలెస్ట్రాల్ 290 ఉందని స్టాటిన్ ఇచ్చారు. ఒళ్ళు నొప్పులు, మతిమరుపు, ఎప్పుడూ మగత. మేమంతా మందు మీదే నేరం మోపాం. ఆరు నెలలు పోయాక వేరే డాక్టరు థైరాయిడ్ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 38 వచ్చింది. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ పెరుగుతుందని, మతిమరుపు, మందకొడితనం వస్తాయని, స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు కూడా ఎక్కువవుతాయని అప్పుడు తెలిసింది. థైరాయిడ్ మాత్రతో మూడు నెలల్లో మా అమ్మ మళ్ళీ మా అమ్మ అయింది, కొలెస్ట్రాల్ కూడా దిగింది.

మందులకొట్టు_మూర్తి
సుజాతగారు మంచి మాట చెప్పారు. ఇంట్లో ఇంకేం బిళ్ళలు ఉన్నాయో కూడా చూడండి. నిద్రకు వాడే ఆల్ప్రజోలం, నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ పెద్దవయసులో బుర్రను మందగింపజేస్తాయి. పక్కింటివాళ్ళు ఇచ్చిన నిద్రమాత్ర సంగతి పెద్దవాళ్ళు డాక్టరు దగ్గర చెప్పరు. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వాడేవాళ్ళు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసినప్పుడు తప్పకుండా గుర్తుచేయాలి, అది స్టాటిన్‌ను ఒంట్లో నిలవబెట్టేస్తుంది. తొమ్మిదేళ్ళ మెట్‌ఫార్మిన్ అన్నారు, అది ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు, అది తగ్గినా మతిమరుపు రావచ్చు కనుక బి12 కూడా చూపించండి.

లెక్కల_మాస్టారు
నేను మాత్ర ఆపడం లేదు. కానీ రేపే థైరాయిడ్, బి12 రెండూ చేయించుకుంటాను.

తెనాలి_అమ్మాయి
పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. థైరాయిడ్ బాగుంది. బి12 మాత్రం 166 పికోగ్రాములే, కనీసం 200 ఉండాలన్నారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నరాల డాక్టరుగారు జ్ఞాపక పరీక్ష అంతా తెలుగులోనే చేశారు. ఒక పేరు, చిరునామా చెప్పి కాసేపటి తర్వాత మళ్ళీ చెప్పమంటే, నాన్నగారు పేరు చెప్పి వీధి దగ్గర ఆగిపోయారు. అప్పుడు ఆయన ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. మెదడు స్కానులో సన్న రక్తనాళాలకు సంబంధించిన పాత మచ్చలు కొన్ని ఉన్నాయన్నారు. కాబట్టి కొలెస్ట్రాల్ మందు గుండెకే కాక తలకూ కావాలని, ఆపే ప్రసక్తే లేదని చెప్పారు. కారణం బి12 అనుకోవాలా, ఆ మచ్చలు అనుకోవాలా?

వరంగల్_వైద్యుడు
షుగరూ బీపీ ఉన్న 68 ఏళ్ళ మనిషి స్కానులో అలాంటి మచ్చలు తరచుగా కనిపిస్తాయి, అన్నీ వాటి మీదే వేయలేం. బి12 సరిచేసి మూడు నాలుగు నెలలకు అదే పరీక్ష మళ్ళీ చేయిస్తే కొంత తెలుస్తుంది. గుండెపోటు తర్వాత దిగులు కూడా మతిమరుపులా కనబడుతుంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో గమనించండి. డిమెన్షియాపై లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో, నడివయసులో ఎక్కువగా ఉండే ఎల్‌డీఎల్‌ను డిమెన్షియాకు కారణమయ్యే అంశాల జాబితాలో కొత్తగా చేర్చారు. మీ నరాల డాక్టరుగారి సలహా సరైనది.

గోదారిగట్టు
బి12 దొరికినందుకు సంతోషం అమ్మా. మీ నాన్నగారిది వేరు, నాది వేరు అని ఇప్పటికీ అంటాను, కానీ ఆయన మాత్ర ఆపకూడదన్న మాట దగ్గర మనందరం ఒకటే. తేదీ వేసి ఏం మరచిపోయారో రోజూ ఒక పుస్తకంలో రాయించండి, నాకు డాక్టరుగారి దగ్గర అదే బాగా ఉపయోగపడింది.

తెనాలి_అమ్మాయి
అలాగే చేస్తామండీ. గుడి లెక్కలు నాన్నగారు మానలేదు. అమ్మ రసీదులు ఒక్కొక్కటీ చదువుతుంటే ఆయన రాస్తున్నారు, చదివినదాని మీద అమ్మ పెన్సిల్‌తో టిక్కు పెడుతోంది. మందుల డబ్బా మూత మీద ఆ మూడు మందుల పేర్లూ, దేనికోసం ఏది అన్నదీ తన లెడ్జరు దస్తూరీతో రాసి అంటించుకున్నారు. అది చూసి ఎదురింటి పెదనాన్నగారు తన అట్ట కూడా తెచ్చి చదవమన్నారు. ఆ వీడియో చూశాక ఆయన కూడా నెల రోజులుగా మానేశారట. అటోర్వాస్టాటిన్ 10 అని ఒక్కటే ఉంది. ఆయనకు స్టెంట్ లేదు, మూడేళ్ళ క్రితం పక్షవాతం లాగా వచ్చి చేతి బలం తగ్గిపోయింది.

మందులకొట్టు_మూర్తి
పక్షవాతం వచ్చిన మనిషికి ఆ ఒక్కటే ఉండటం నాకు అనుమానంగా ఉంది, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లాంటిది కూడా సాధారణంగా ఇస్తారు. ఇంట్లో ఇంకో అట్ట ఉండాలి, అది కూడా మానేశారేమో వెతకమనండి. పాత చీటీ తీసుకుని రేపే ఆయన డాక్టరు దగ్గరకు పంపండి. అట్టలన్నీ ఒక సంచిలో వేసి పంపండి అమ్మా, ఒక్కటీ వదలకుండా.